రంపపుకోత లోపలి పాట

డెత్ మెటల్ వింటానని చెప్తే అవతలివాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "వాడేమంటున్నాడో అసలు నీకు అర్థమవుతుందా?"

అర్థం కాదు. లిరిక్స్ కాగితం ముందు పెట్టుకుంటే తప్ప నాకే కాదు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడేవాళ్లకి కూడా అర్థం కాదు. పాట విన్న వెంటనే "ఎవరు రాశారు?" అని అడిగే అలవాటులో పెరిగినవాళ్లం మనం. మాట వినపడకపోతే ఇక ఆ పాటలో వినడానికి ఏం మిగులుతుందన్న అనుమానం రావడంలో తప్పేం లేదు. రొద మిగులుతుంది, అంతేగా?

దీనికి వాదనతో జవాబు చెప్పడం కంటే ఒక ఆల్బమ్‌ని చేతిలో పెట్టడం నాకు తేలిక. స్వీడన్ బ్యాండ్ ఎంటూమ్డ్ 1990లో తెచ్చిన ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’. "ఓల్డ్ స్కూల్ డెత్ మెటల్" అనే మాట ఇవాళ ఎవరు వాడినా వాళ్ల మనసులో మెదిలే ఐదారు రికార్డుల్లో ఇదొకటి. దీని గిటార్ సౌండ్ గురించి ఇప్పటికే బోలెడంత మాట్లాడుకున్నారు. నా ఫిర్యాదు అక్కడే మొదలవుతుంది. ఆ సౌండ్ గురించి ఎంత మాట్లాడామంటే, అది దేన్ని మోస్తోందో మాట్లాడడం మర్చిపోయాం.

*

1989 డిసెంబర్. స్టాక్‌హోమ్‌లో సన్‌లైట్ అనే స్టూడియో. నడిపేది టోమస్ స్కోగ్స్‌బెర్గ్. లోపల డ్రమ్స్ దగ్గర నికె ఆండర్సన్, గిటార్లతో ఉఫె సెడర్‌లుండ్, అలెక్స్ హెల్లిడ్, మైకు ముందు లార్స్-యోరాన్ పెత్రోవ్. నికెకీ పెత్రోవ్‌కీ అప్పటికి 17 ఏళ్లు. మన లెక్కలో ఇంటర్ చదివే పిల్లలు. కొద్ది నెలల ముందు దాకా వీళ్ల బ్యాండ్ పేరు నిహిలిస్ట్. అది విడిపోయింది. బేస్ వాయించే జానీ హెడ్లుండ్ బయటికెళ్లి అన్‌లీష్డ్ పెట్టుకున్నాడు, మిగిలినవాళ్లు ఎంటూమ్డ్ అయ్యారు. ఆల్బమ్ రికార్డ్ చేసేనాటికి బేస్‌కి విడిగా మనిషి లేడు. ఆ పని కూడా బ్యాండ్‌లో వాళ్లే చేసేసుకున్నారు.

అప్పటికి డెత్ మెటల్ రాజధాని స్వీడన్ కాదు, అమెరికాలోని ఫ్లోరిడా. డెత్ అనే పేరుతోనే ఉన్న బ్యాండ్ 1987లో ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ తెచ్చింది. 1989లో మార్బిడ్ ఏంజెల్ ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ తెచ్చింది. టాంపా నగరంలో మారిసౌండ్ అనే స్టూడియో ఉంది, అక్కడ స్కాట్ బర్న్స్ అనే ఇంజనీరు ఉన్నాడు. కొత్తగా పుట్టిన బ్యాండ్లన్నీ అక్కడికే దారి పట్టాయి. మారిసౌండ్‌లో తయారైన రికార్డు వింటే ప్రతి నోటూ దేనికది విడిగా వినపడుతుంది. కిక్ డ్రమ్ టకటకమని టైపు మిషన్లా పడుతుంది. వాయించేవాడి వేళ్లు ఎంత వేగంగా కదులుతున్నాయో వినేవాడు లెక్క పెట్టుకోవచ్చు. అదొక అందం. సాము చేసేవాణ్ణి చూస్తున్నప్పుడు కలిగే ఆనందం లాంటిది.

ఈ సంగీతం స్టాక్‌హోమ్ పిల్లలకి చేరింది పోస్టులో. క్యాసెట్లు కాపీ చేసుకుని, ఊళ్లు దాటి, దేశాలు దాటి ఒకరికొకరు పంపుకునే రోజులవి. కాపీకి కాపీ తీసిన క్యాసెట్‌లో ఏముంటుందో అది విన్న తరానికి చెప్పక్కర్లేదు. అంచులు అరిగిపోయి, గిటార్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, అడుగున సన్నగా ఒక బుస. వీళ్ల ఆల్బమ్‌కి ఆ మసక అక్కణ్ణుంచే వచ్చిందని రుజువు చేయలేను. కానీ ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ విన్నప్పుడల్లా, ఫ్లోరిడా సంగీతాన్ని అరిగిన టేపులో విని, ఆ అరుగుదలని కూడా పాటలో భాగమే అనుకున్న పిల్లలు కనిపిస్తారు నాకు.

*

ఇక పెడల్ సంగతి. దాన్ని తప్పించుకోలేం.

జపాన్ కంపెనీ బాస్ 1983లో హెచ్ఎం-2 అనే చిన్న డబ్బాని మార్కెట్లోకి తెచ్చింది. పేరులోనే హెవీ మెటల్. గిటార్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య పెట్టి కాలితో తొక్కితే, పెద్ద పెద్ద యాంప్లిఫయర్లు కొనలేని కుర్రాడి గదిలో కూడా ఆ తరహా సౌండ్ వస్తుందని ఆశ. దాని మీద నాలుగు నాబ్‌లు. ఒకటి వాల్యూమ్‌కి, ఒకటి డిస్టార్షన్‌కి, మిగతా రెండూ కింది స్థాయినీ పై స్థాయినీ ఎంతెంత పెంచాలో చెప్పేవి. బుద్ధిమంతులు ఒక్కో నాబ్‌నీ కొద్దికొద్దిగా తిప్పి చూసుకుంటారు. నిహిలిస్ట్‌లో కొంతకాలం ఉన్న లీఫ్ కుజ్నర్ అనే గిటారిస్టు నాలుగింటినీ చివరిదాకా తిప్పేశాడని, ఆ సౌండ్ అక్కడే పుట్టిందని ఆ కాలంవాళ్లు చెప్పుకుంటారు. అతను తర్వాత కెనడా వెళ్లిపోయాడు. సౌండ్ ఇక్కడే ఉండిపోయింది.

అన్నీ చివరిదాకా తిప్పితే ఏమవుతుంది? డిస్టార్షన్ అంటే, స్థూలంగా చెప్పాలంటే, శబ్ద తరంగాల తలలు నరికి చదును చేయడం. అలా నరికినచోట, అసలు నోట్‌లో లేని కొత్త స్వరాంశాలు పుట్టుకొస్తాయి. అందుకే గరగరమంటుంది. ఇది అన్ని డిస్టార్షన్ పెడల్సూ చేసే పనే. హెచ్ఎం-2 ప్రత్యేకత దాని తర్వాత ఉంది. అది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే అడుగు శబ్దాన్నీ, 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే మధ్య శబ్దాన్నీ బలంగా పైకి లేపుతుంది. అప్పట్లో చాలామంది మెటల్ గిటారిస్టులు ఆ మధ్య భాగాన్నే తగ్గించేసేవాళ్లు. అది ఉంటే సౌండ్ ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుందని భయం. వీళ్లు దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. పైగా గిటార్ తీగల్ని మామూలు శ్రుతి కంటే బాగా కిందికి దించారు. వదులైన తీగ మీద ఆ పెడల్ పడేసరికి, చెట్లు కోసే మోటారు రంపం ఆన్ చేసినట్టు వచ్చింది. అభిమానులు దానికి పెట్టిన పేరు కూడా అదే. రంపం సౌండ్.

ఇందులో నాకు బాగా ఆసక్తి కలిగించేది ఒక చిన్న విషయం. మనిషి మాటకి ఆనవాలు ఇచ్చే శబ్దాలు, అచ్చుల్ని ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసే శబ్దాలు, ఎక్కువగా ఉండేది ఈ మధ్య భాగంలోనే. ఫోన్‌లో అడుగూ పైనా కోసేసి ఈ ముక్క ఒక్కటే పంపినా మనకి మాట తెలుస్తుంది. ఎంటూమ్డ్ గిటార్లు వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ జాగాలో. మాట ఉండాల్సిన కుర్చీలో గిటార్ కూర్చుంది. పెత్రోవ్ ఏమంటున్నాడో తెలియకపోవడానికి అతని గొంతు ఎంత కారణమో, ఇది కూడా అంత కారణం. ఈ ఆల్బమ్‌లో మాట్లాడే పని గిటార్‌ది. గొంతు దాని పక్కన నిలబడి దరువు వేస్తుంది.

*

దరువు అన్నమాట ఊరికే వాడలేదు. ఈ ఆల్బమ్ గురించి నేను చెప్పదలుచుకున్నది అసలు అదే.

ఇందులో గిటార్లు మసక. డ్రమ్స్ మసక కాదు. ఇంత దట్టమైన శబ్దం మధ్య కూడా స్నేర్ దెబ్బ ఎక్కడ పడిందో, సింబల్ ఎప్పుడు మోగిందో ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంటుంది. పైగా ఆ దెబ్బలు ఒక మనిషి కొట్టినట్టు ఉంటాయి. ఒక దెబ్బ కాస్త గట్టిగా, ఇంకొకటి కాస్త మెల్లగా. ఫ్లోరిడా డ్రమ్మర్లు యంత్రంతో పోటీ పడుతుంటే నికె ఆండర్సన్ ఊగుతుంటాడు. వేగంగా వాయిస్తున్నప్పుడు కూడా ఆ ఊపు పోదు.

ఈ ఊపు ఎక్కడిది? సగం జవాబు పంక్. ఇంగ్లండ్ బ్యాండ్ డిశ్చార్జ్ పేరుమీద డి-బీట్ అని పిలిచే ఒక దరువు ఉంది. పరిగెడుతూ పరిగెడుతూ మధ్యలో కాలు తడబడి మళ్లీ నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. స్వీడన్ హార్డ్‌కోర్ పంక్ వాళ్లు దాన్ని సొంతం చేసుకుని పెంచి పెద్ద చేశారు. ‘సపోజ్డ్ టు రాట్’ విని చూడండి. రెండు నిమిషాల పాట. పేరు చూస్తే శవాల పాట, దరువు చూస్తే పంక్ పాట. గొంతునీ పెడల్‌నీ తీసేస్తే కుర్రాళ్లు ఒకళ్లమీద ఒకళ్లు పడి గెంతే ఏ చిన్న హాల్లోనైనా సరిపోతుంది.

మిగతా సగం జవాబు రాక్ అండ్ రోల్. ఇది ఆల్బమ్‌లో పైకి కనపడదు, తర్వాతి చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1993లో ఎంటూమ్డ్ ‘వుల్వరీన్ బ్లూస్’ తెచ్చినప్పుడు డెత్ మెటల్ ఛాందసులు గుండెలు బాదుకున్నారు. రంపం అదే, కానీ పాటలు తొడమీద తాళం వేసుకునేలా ఉన్నాయి. ఆ తరహాకి వెక్కిరింతగానో ముద్దుగానో డెత్ అండ్ రోల్ అని పేరొచ్చింది. 1994లో నికె ఇంకో బ్యాండ్ పెట్టాడు. హెల్లాకాప్టర్స్. అందులో డ్రమ్స్ కాదు, గిటార్ పట్టుకుని పాడాడు. పచ్చి రాక్ అండ్ రోల్. మూడేళ్ల తర్వాత ఎంటూమ్డ్‌ని వదిలి పూర్తిగా అటే వెళ్లిపోయాడు. ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’లో ఎక్కువ పాటల్ని కట్టింది ఈ డ్రమ్మరేనని గుర్తుపెట్టుకుని ఇప్పుడు వెనక్కి వెళ్లి వింటే, ఆ శవాల గుట్ట కింద ఒక రాక్ బ్యాండ్ కాళ్లు ఆడించుకుంటూ కూర్చుని ఉంది.

ఇంకో సంగతి. పాడే పెత్రోవ్ కూడా అంతకుముందు డ్రమ్మరే. మార్బిడ్ అనే స్టాక్‌హోమ్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించాడు. అది తెలిశాక అతని గొంతు నాకు వేరేలా వినపడింది. గుర్రుమనడం, గర్జించడం డెత్ మెటల్‌లో అందరూ చేసేదే. పెత్రోవ్ ఏం చేస్తాడంటే, అక్షరాల్ని స్నేర్ దెబ్బల్లా వేస్తాడు. ఎక్కడ ఆగాలో, ఏ అక్షరాన్ని సాగదీసి తర్వాతి దెబ్బకి అందించాలో అతనికి బాగా తెలుసు. మనం గొంతులో జీర ఉందంటాం, బొంగురు గొంతంటాం. సాధారణంగా అది ఒక లోపంగానో, లేక మంచి గాయకుడి గొంతుకి పట్టిన కాస్తంత తుప్పుగానో చెప్తాం. పెత్రోవ్ దగ్గర జీర తప్ప ఇంకేం లేదు. ఆ జీరతోనే లయ కట్టాడు.

*

ఆల్బమ్ పేరే ఉన్న మొదటి పాట దాదాపు ఏడు నిమిషాలు. మొదటి సగం మీరు ఊహించినట్టే ఉంటుంది: పరుగు, అరుపు, రంపం. ఇక ఈ పాట ఇంతే అనుకునే సమయానికి దరువు ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. బరువైన అడుగులు. వాటిమీద ఒక రాగం వస్తుంది. ఇంతసేపూ నోట్లు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయిన అదే శబ్దం లోంచి, స్పష్టంగా, కూనిరాగం తీసుకోగలిగినంత సరళంగా.

ఆ రాగం వాళ్లది కాదు. 1979లో డాన్ కాస్కరెల్లీ తీసిన ‘ఫాంటజమ్’ అనే అమెరికన్ హారర్ సినిమాలోది. సంగీతం ఫ్రెడ్ మైరో, మాల్కమ్ సీగ్రేవ్. హారర్ సినిమాల వీడియో క్యాసెట్లు ఎగబడి చూసే కుర్రాళ్లు తమకి నచ్చిన ట్యూన్‌ని ఎత్తుకొచ్చి పెట్టుకున్నారని తేల్చేయొచ్చు. నిజం కూడా అదే అయ్యుంటుంది. కానీ ఆ సినిమా దేని గురించో గుర్తు చేసుకోండి. 13 ఏళ్ల మైక్. తల్లీ తండ్రీ పోయారు. అన్న ఒక్కడే మిగిలాడు, వాడు కూడా తనని వదిలేసి వెళ్లిపోతాడేమోనని కుర్రాడి భయం. వాడి ఊళ్లో శ్మశానం, శవాల్ని సిద్ధం చేసే భవనం, అందులో ఒక పొడుగు మనిషి. దయ్యాలూ గాల్లో ఎగిరే ఇనప గోళాలూ పక్కన పెడితే, చావంటే ఏమిటో అర్థం కాని వయసులో చావుని తేరిపార చూడాల్సి వచ్చిన పిల్లవాడి కథ అది.

పదిహేడేళ్ల పిల్లలు చావు గురించి ఆల్బమ్ చేస్తూ, మొదటి పాట చివర ఆ పిల్లవాడి రాగాన్ని వాయించారు. తెలిసి చేశారా, ట్యూన్ బాగుందని చేశారా అన్నది నాకు ముఖ్యం కాదు. వినేటప్పుడు జరిగేది ముఖ్యం. ఇంతసేపూ భయపెట్టడానికి ప్రయత్నించిన శబ్దం అక్కడ తానే భయపడుతున్నట్టు ఉంటుంది. అదే పెడల్, అదే గరగర. కానీ ఇప్పుడు దాని కింద ఒక దిగులు. రంపం సౌండ్ గొప్పదా అని ఎవరైనా అడిగితే, నేను చూపించేది ఆ పరుగుని కాదు. ఈ చివరి నిమిషాల్ని. శుభ్రమైన గిటార్ మీద అదే రాగం వాయిస్తే సినిమా ట్యూనే అయ్యేది. ఈ మురికి గుండా రావడం వల్ల అది ఇంకొకటైంది.

*

పేరు గురించి ఒక మాట. "లెఫ్ట్ హ్యాండ్ పాత్" అన్నది మనకి పరాయి మాటేం కాదు. తాంత్రికుల వామాచారమే అది. 19వ శతాబ్దంలో దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ లాంటివాళ్ల రాతల ద్వారా పశ్చిమానికి చేరింది. అక్కడ ‘ఎడమ’ అంటే దుష్టమైనది అన్న అర్థం బలపడి, ఇరవయ్యో శతాబ్దంలో సైతాను పేరు చెప్పుకునేవాళ్ల చేతుల్లో పడి, చివరికి స్టాక్‌హోమ్ కుర్రాళ్ల ఆల్బమ్ అట్ట మీద తేలింది. ఇంత దూరం నడిచొచ్చిన మాటలో మొదటి అర్థం ఎంత మిగిలి ఉంటుంది? దాదాపు ఏమీ లేదు. మిగిలింది దాని రంగు. కుడివైపు నడవమన్న పెద్దల మాట వినం అన్న పొగరు.

లిరిక్స్ అంతా ఇలాగే ఉంటాయి. కుళ్లిన మాంసం, తెరుచుకున్న సమాధి, రక్తం. హారర్ సినిమాల నుంచీ, తమకంటే ముందొచ్చిన అమెరికన్ బ్యాండ్ల నుంచీ అరువు తెచ్చుకున్న సరుకు. కాగితం మీద చదివితే ఇబ్బందిగానే ఉంటుంది. ఇందులో లోతైన తత్వం ఉందని నేను వాదించను. మాట వినపడకపోవడం ఈ ఆల్బమ్‌కి కొంత మేలే చేసింది.

లోపాలు చెప్పాలంటే ఇంకా ఉన్నాయి. బేస్ గిటార్ ఉందో లేదో తెలియదు, ఆ అడుగు జాగా అంతా గిటార్లే తినేశాయి. రెండో సగంలో ‘మార్బిడ్ డివోర్మెంట్’ దగ్గరికి వచ్చేసరికి చెవి కాస్త అలిసిపోతుంది. ‘అబ్నార్మల్లీ డిసీజ్డ్’ వెంటనే రావడంతో రెండూ ఒకే పాటలా కలిసిపోతాయి. కొన్ని పాటలు నిహిలిస్ట్ డెమోల కాలం నుంచీ వస్తున్నవి. ఒక్కో పాటలో మూడు నాలుగు రిఫ్‌లు కుట్టేసి పాట అన్న తొందర అక్కడక్కడ కనిపిస్తుంది. మొదటి పాట ఇచ్చిన మాటని మిగతా ఆల్బమ్ పూర్తిగా నిలబెట్టుకోలేదనే అంటాను. ‘డ్రౌన్డ్’, ‘బిటర్ లాస్’ దాని దగ్గరికి వస్తాయి. దాన్ని మించేది లేదు.

*

1991లో బాస్ కంపెనీ హెచ్ఎం-2 తయారీ ఆపేసింది. సరిగ్గా అదే సమయానికి స్టాక్‌హోమ్‌లో అందరికీ అదే కావాలి. డిస్మెంబర్ ‘లైక్ ఎన్ ఎవర్ ఫ్లోయింగ్ స్ట్రీమ్’ అదే సన్‌లైట్‌లో, అదే స్కోగ్స్‌బెర్గ్ దగ్గర తయారైంది. ఒక్కో బ్యాండూ వచ్చి అదే తలుపు తట్టింది. ఒక స్టూడియో, ఒక ఇంజనీరు, ఒక పెడల్. అది ఒక ఊరి యాస అయిపోయింది.

తర్వాత యాస కాస్తా వేషం అయింది. గత ఇరవై ఏళ్లలో హెచ్ఎం-2 వాడిన బ్యాండ్ల లెక్క తీయడం కష్టం. అమెరికాలో నెయిల్స్, ట్రాప్ దెమ్, బ్లాక్ బ్రెత్ లాంటి బ్యాండ్లు దాన్ని హార్డ్‌కోర్‌లోకి తీసుకెళ్లి కొత్త పనికి పెట్టాయి. వాళ్లమీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా అచ్చంగా 1990 లాగే ఉండాలని కంకణం కట్టుకున్న వందలాది రికార్డులతో. పాత పెడల్స్ కోసం వెతుకులాట, వాటికి నకళ్లు, చివరికి 2021లో బాస్ కంపెనీయే దాన్ని కొత్తగా మళ్లీ అమ్మడం. ఇప్పుడు ఎవరైనా ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ సౌండ్ తెచ్చుకోవచ్చు. కంప్యూటర్‌లో దాని సాఫ్ట్‌వేర్ రూపం కూడా దొరుకుతుంది.

అలాంటి రికార్డులు చాలా విన్నాను. గిటార్ అచ్చు గుద్దినట్టు అదే. అయినా రెండో పాటకి ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. ఎందుకా అని చాలాకాలం అర్థం కాలేదు. ఇప్పుడు అనిపిస్తుంది, వాళ్లు పెడల్‌ని కాపీ చేశారు, డ్రమ్మర్‌ని చేయలేదు. ఆ రికార్డుల్లో డ్రమ్స్ గీత గీసినట్టు ఉంటాయి. ప్రతి దెబ్బా కంప్యూటర్‌లో సరిచేసినట్టు, ఒకే బలంతో. దాంతో గిటార్ మసక వెనక పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పొగమంచులో నడిచేవాడికి ముందు నడిచే మనిషి అడుగుల చప్పుడు ఎలాగో, ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’లో డ్రమ్స్ అలా. ఆ అడుగులు లేకపోతే పొగమంచు ఒక్కటే మిగులుతుంది. దాన్ని ఎంతసేపు చూస్తాం?

పాతదాన్ని ప్రేమించేవాళ్లందరికీ ఈ ప్రమాదం ఉందనుకుంటాను. నచ్చిన కవి పదాలు వాడితే ఆ కవిత్వం వస్తుందనుకోవడం ఇలాంటిదే. పదాలు సులువుగా కనపడతాయి కాబట్టి వాటిని తీసుకుంటాం. ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కనపడదు, అది వదిలేస్తాం.

*

2021 మార్చిలో పెత్రోవ్ పోయాడు. పిత్తనాళ క్యాన్సర్. 49 ఏళ్లు. 

ఆ వార్త విన్న రాత్రి చాలామంది లాగే నేనూ ఈ ఆల్బమ్ పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త భయపడుతూ పెట్టుకున్నాను. చావు గురించి ఆటగా అరిచిన కుర్రాడి గొంతు, అతను నిజంగా పోయాక ఎలా వినపడుతుంది? ఆ ఆట చవకగా, సిగ్గుచేటుగా అనిపిస్తుందేమో.

ఆ ఆట అందరికీ ఆటగా మిగల్లేదు కూడా. మార్బిడ్‌లో పెత్రోవ్ డ్రమ్స్ వాయిస్తుంటే ముందు నిలబడి పాడినవాడు పెర్ ఓలిన్. తనకి తాను పెట్టుకున్న పేరు డెడ్. 1988లో నార్వే వెళ్లి మేహెమ్‌లో చేరాడు. 1991 ఏప్రిల్‌లో ప్రాణం తీసుకున్నాడు. 22 ఏళ్లు. అతని చావుని ఒక కల్ట్ కథగా చెప్పుకునేవాళ్లు ఈ సంగీత ప్రపంచంలో ఇప్పటికీ ఉన్నారు. నాకు అది ఎప్పుడూ మింగుడుపడలేదు. సాయం అందాల్సిన ఒక కుర్రాడికి అది అందలేదు, అంతే. అందులో గొప్పేమీ లేదు.

ఆ రాత్రి ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ విన్నప్పుడు నాకు వినపడింది దానికి పూర్తిగా వ్యతిరేకమైనది. గొంతు నిండా గాలి ఉన్న కుర్రాడు. చావు, కుళ్లు, సమాధి అని అరుస్తున్నాడు సరే, కానీ అలా అరవాలంటే ఊపిరితిత్తుల్లో ఎంత బలం ఉండాలి. ఆ దరువు మీద సరిగ్గా పడాలంటే ఒంట్లో ఎంత ఉత్సాహం ఉండాలి. ఆల్బమ్ మధ్యలో ఒక పాట పేరు ‘బట్ లైఫ్ గోస్ ఆన్’. అయినా బతుకు సాగుతుంది అని. ఎంటూమ్డ్ పేరుతో చేసిన మొదటి డెమోకి కూడా ఆ పేరే పెట్టుకున్నారు. ఇన్నేళ్లలో ఆ పేరుని నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఆ రాత్రి మాత్రం ఆ పాటని మూడుసార్లు విన్నాను.

మాటలు ఆ రాత్రి కూడా అర్థం కాలేదు. లిరిక్స్ తెరవలేదు. నికె స్నేర్ దెబ్బ పడే చోట పెత్రోవ్ గొంతు వచ్చి పడుతోంది, ఒక్కసారి కూడా తప్పకుండా. 1989 డిసెంబర్లో ఒక గదిలో ఇద్దరు కుర్రాళ్లు ఒకళ్ల చప్పుడు ఒకళ్లు శ్రద్ధగా వింటున్నారు. వాడేమంటున్నాడని నన్నెవరైనా ఇప్పుడు అడిగితే, నాకు తెలిసినంతలో అతను అంటున్నది అదే.

మొదటిసారి వినేవాళ్లకి ఒక సలహా. ఫోన్ స్పీకర్ మీద వినొద్దు, ఈగ రొదలా ఉంటుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. గిటార్ వెనక పడకండి, దాన్ని గోడలా అలా ఉండనివ్వండి. మొదటి పాటలో డ్రమ్స్ పట్టుకుని నడవండి. నాలుగో నిమిషం దాకా ఓపిక పట్టండి.